చెంచు ముందు నడిస్తే

పద్యానికి రసవిమర్శ రాస్తాం, కీర్తనకు రాస్తాం, అలంపురం నవబ్రహ్మాలయాల గోడల మీది శిల్పానికి రాస్తాం. నల్లమలలో పొద్దు పొడిచే వేళ ఒక చెంచు మనిషి ముందు నడుస్తూ నలుగురికి అడవిని చూపించే తీరుకు మాత్రం రసవిమర్శ రాసిన జాడ నాకు కనబడలేదు. దాన్ని పర్యాటకం పద్దులో వేసి వదిలేస్తున్నాం. ఆ నడకకు ఎత్తుగడ ఉంది, లయ ఉంది, ఆగాల్సిన చోట ఆగే నేర్పు ఉంది, చెప్పీ చెప్పక వదిలేసి మిగతాది వినేవాడి మనసు చేత పూరింపజేసే శిల్పం ఉంది. ఇన్ని ఉన్నదాన్ని కళ అనక తప్పదు. నాకు తెలిసిన గొప్ప కళల్లో దానికి చోటిచ్చి ఈ మాటలు రాస్తున్నాను.

మా కొత్తకోట వాళ్లకు నల్లమల పరాయి చోటేమీ కాదు. 44వ నంబరు జాతీయ రహదారిని వదిలి తూర్పుముఖంగా వనపర్తి, గోపాల్‌పేట, నాగర్‌కర్నూల్, అచ్చంపేట దాటితే మన్ననూరు. దారంతా మనకు తెలిసిన పాలమూరే. పల్లి చేన్లు, ఎర్ర చెలకలు, గుట్టల మీద గుట్టలుగా పడి ఉన్న నల్లబండలు, ఎండాకాలంలో నెర్రెలిచ్చిన చెరువులు. అచ్చంపేట దాటాక నేల లేవడం మొదలవుతుంది. రంగాపురం దగ్గర కొండ చరియను అంటుకుని ఉమామహేశ్వరం. మన్ననూరులో అటవీశాఖ చెక్‌పోస్టు; రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లను లోపలికి వదలరు, ఆ వేళలు జంతువులవి. అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం, 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. 1983లో ఏర్పడ్డ నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యంలో కృష్ణకు ఇవతలి భాగమే రాష్ట్ర విభజన తర్వాత ఈ పేరుతో నిలిచింది. లోపల అప్పాపూర్, రాంపూర్, భౌరాపూర్, మేడిమల్కల, ఇంకా ఎన్నో పెంటలు, అంటే చెంచుల గూడేలు.

2021 నవంబరులో అటవీశాఖ ఇక్కడ రాత్రి బసతో కూడిన యాత్రను మొదలుపెట్టింది. సఫారీ జీపులు ఫరహాబాద్ వైపు తిరుగుతాయి. మార్గదర్శకుల్లో, పులి జాడలు తీసే సిబ్బందిలో చెంచు యువకులున్నారు. వానాకాలం మూడు నెలలు సఫారీ ఆగిపోతుంది. జీపు గురించి నేను చెప్పేది తక్కువే. అది దూరాన్ని చూపిస్తుంది, నిజమే. ఫరహాబాద్ వ్యూ పాయింట్ అంచున నిలబడి కింద పరుచుకున్న లోయను చూసినవాళ్లెవరూ ఆ దృశ్యాన్ని మరిచిపోరు. అయినా ఇంజను సప్పుడులో చెంచు చెప్పగలిగింది పదో వంతు కూడా ఉండదు. ఆయన కళ కాళ్ల మీద నడిచే కళ.

మాకు ముందు నడిచిన పెద్దాయనకు అరవై ఏళ్లు దాటి ఉంటాయి. భుజం మీద తువ్వాలు, చేతిలో చిన్న గొడ్డలి. బయలుదేరే ముందు తన గురించి, అడవి గురించి పరిచయమేమీ చెయ్యలేదు. "నా ఎనకనే రాండ్రి సారూ. సప్పుడు చెయ్యకుండ్రి" అన్నాడు, అంతే. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మొదట్లో మాకు అది వెలితిగా తోచింది. డబ్బు కట్టి వచ్చినవాళ్లం, వివరాలు వినాలని చెవులు రిక్కించుకుని ఉన్నాం. కాసేపటికి మా మాటలు వాటంతటవే తగ్గాయి. చెప్పుల కింద ఎండుటాకుల చప్పుడు మాకే ఇబ్బందిగా అనిపించి అడుగు మెల్లగా వెయ్యడం మొదలుపెట్టాం. గాలి ఏ వైపు నుంచి వీస్తోందో చెంపకు తెలిసింది. అప్పుడు గానీ ఆయన మొదటిసారి ఆగలేదు. సంగీత విద్వాంసుడు ఆలాపనతో సభను తన శ్రుతిలోకి తెచ్చుకున్నాకే పల్లవి ఎత్తుకుంటాడు. ఈయన మౌనంతో మమ్మల్ని అడవి శ్రుతిలోకి తెచ్చుకున్నాడు. ఆ మౌనం రచనలో భాగమని నాకు అప్పుడర్థమైంది.

ఆగింది ఒక మద్దిచెట్టు దగ్గర. మాకు కనిపించింది చెట్టొక్కటే. ఆయన కుడిచెయ్యి తలకంటే పైకెత్తి, ఐదు వేళ్లూ విడదీసి, బెరడు మీద ఆనించాడు. వేళ్ల కొసలు ఐదు గాట్లలో సరిగ్గా కూర్చున్నాయి. అప్పుడు కనిపించాయి మాకు ఆ గాట్లు: పైనుంచి కిందికి జారిన ఐదు గీతలు, అంచుల్లో బెరడు పొట్టు ఇంకా లేచి ఉంది, లోపలి చెక్క తడిగా ఎర్రగా ఉంది. చెయ్యి తీసేసి ఆయన తల పైకెత్తాడు. మా తలలూ లేచాయి. పై కొమ్మ తొర్ర అంచున చిరిగిన తేనెపట్టు ముక్క, దాని చుట్టూ దిక్కు తోచక తిరుగుతున్న నాలుగు ఈగలు. "రాత్రొచ్చింది" అన్నాడు. ఏది వచ్చిందో చెప్పలేదు. నడక సాగించాడు.

ఎలుగుబంటి అన్న మాట ఆ చెట్టు దగ్గర ఎవరి నోటా రాలేదు. అయినా మాలో ప్రతి ఒక్కరమూ దాన్ని చూశాం. చీకట్లో చెట్టును కౌగిలించుకుని ఎగబాకుతున్న నల్లటి బరువును, మూతికి అంటిన తేనెను, చుట్టుముట్టిన ఈగలను ఎవరి ఊహ మేరకు వాళ్లు చూశాం. ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలో కాశ్మీరంలో కూర్చుని ధ్వని అని దేన్ని ప్రతిపాదించాడో, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ కావ్యంలోనూ దొరకలేదు. చెప్పిన మాట ఒక్కటే, తెలిసిన అర్థం అంతులేనిది. అలంకారశాస్త్రం భాషలో చెప్పాలంటే గాట్లు, పట్టు విభావాలు. మా మెడ మీద లేచిన వెంట్రుకలు సాత్త్విక భావం. భయంగా మొదలై అద్భుతంలోకి తిరిగిన అనుభూతి రసం. జంతువు ఎదురుపడి ఉంటే ఇంత జరిగేది కాదు. అప్పుడు భయం భయంగానే మిగిలిపోయేది. రసం కావాలంటే నడుమ కొంత ఎడం కావాలి. ఆ ఎడాన్ని రాత్రికీ పొద్దుటికీ మధ్య ఉన్న కాలంతో ఆయన కొలిచి ఇచ్చాడు.

ఇక చెవి సంగతి. మాకు అడవి అంటే రకరకాల చప్పుళ్లు కలిసిన ఒకే చప్పుడు. ఆయనకు అందులో ఎవరు మాట్లాడుతున్నారో, ఎవరి మాట నమ్మాలో, ఎవరి మాట తోసిపుచ్చాలో తెలుసు. దుప్పి దేనికైనా బెదిరి కూస్తుంది. దాని కూతకు ఆయన తల కూడా తిప్పలేదు. కొండముచ్చు చెట్టు చిటారున కూర్చుని చూసి కూస్తుంది కాబట్టి దాని మాటకు కొంత విలువ. కణుజు ఊరికే కూయదు. అది ఒక్కసారి కూసేసరికి ఆయన చెయ్యి వెనక్కి చాపి అరచెయ్యి నేలవైపు తిప్పాడు. ఉన్నచోటనే ఆగిపోయాం. రెండో కూత కోసం ఎదురుచూశాడు. అది వచ్చింది, మొదటిదానికంటే కొంచెం ఎడమగా. మూడోది మరింత ఎడమగా, దూరంగా. చెయ్యి దించేశాడు. ఏదో మాకు అడ్డంగా కదిలి లోయలోకి దిగిపోయింది. అదేమిటని ఎవరమూ అడగలేదు. ఆ మూడు కూతల మధ్య గడిచిన కాలం ఎంత నిండుగా ఉందంటే, మా ఊపిరి కూడా దాని లెక్కలోనే నడిచింది.

రంగుల విషయం చెప్పకపోతే ఈ విమర్శ సగమే అవుతుంది. ఎండాకాలపు నల్లమల పచ్చగా ఉండదు. ఆకురాల్చే అడవి, మాఘ ఫాల్గుణాలకే గోధుమరంగులోకి తిరిగిపోతుంది. పచ్చదనం కోసం వచ్చినవాళ్లు మొహం చిన్నబుచ్చుకుంటారు. చెంచు మార్గదర్శి వాళ్లను తపసి చెట్టు ముందు నిలబెడతాడు. ఆకు ఒక్కటీ లేకుండా, నున్నటి తెల్లటి బెరడుతో, రాతి పగుల్లోంచి నేరుగా పుట్టినట్టు నిలబడ్డ చెట్టు. కాండం మీద కాగితం పొరల్లా బెరడు లేస్తుంటుంది. ఎక్కడో ఒక చోట గాటు, గాటు కింద గడ్డకట్టిన జిగురు. ఎండ వాలినప్పుడు ఆ జిగురు బిందువు లోపల వెలుగు చిక్కుకుని తేనెరంగులో నిలుస్తుంది. ఇప్పచెట్ల కింద తెల్లవారేసరికి రాలిన పూలు, వాటి మత్తు వాసన. మోదుగ పూస్తే కొండవాలు మీద ఎర్రటి మచ్చలు. ఇవన్నీ ఆయనకు బతుకుతెరువు కూడా. జిగురు, తేనె, ఉసిరి, కుంకుడు గిరిజన సహకార సంస్థకు పోతాయి, ఆ సంస్థ 1956 నుంచి ఉంది. అందుకే ఆయన చెట్టును చూపేటప్పుడు అందం వేరు, పని వేరు అని విడదీయడు. జిగురు ఎంత లోతు గాటుకు వస్తుందో, ఎంత లోతు దాటితే చెట్టు చచ్చిపోతుందో అదే చేత్తో చూపిస్తాడు.

ఈ 'ఎంత' అన్నదే ఆ కళకు గుండె. ఒక చోట తీగ కనిపిస్తే దాన్ని వేలితో అనుసరిస్తూ పొదలోకి వంగి మొదలు పట్టుకున్నాడు. గొడ్డలి పక్కన పెట్టి, ఇనుప మొన ఉన్న కర్రతో తవ్వాడు. నేల గట్టిది, రాళ్లు కలిసిన మట్టి. మూరెడు లోతు దిగాక గడ్డ కనిపించింది, పైన వెంట్రుకల్లాంటి వేళ్లు, లోపల తెలుపు. దాన్ని పూర్తిగా పీకలేదు. కింది భాగం విరిచి తీసుకుని, తీగకు అంటుకున్న పైముక్కను గుంతలోనే ఉంచి, తీసిన మట్టినంతా చేతులతో తిరిగి పోసి, కాలితో మెల్లగా అదిమాడు. "మల్ల ఏడాదికి ఉండాలె గద" అన్నాడు. ఆలంకారికుడు క్షేమేంద్రుడు రసానికి ప్రాణం ఔచిత్యమే అన్నాడు. ఔచిత్యమంటే ఏమిటో నాకు పుస్తకాల్లో చదివినప్పటి కంటే ఆ గుంత పూడ్చిన తీరులో బాగా బోధపడింది. ఆ చేతికి ఎక్కడ ఆగాలో తెలుసు. మాటలోనూ అంతే, తవ్వకంలోనూ అంతే. ఒకే సంస్కారం రెండుచోట్ల కనిపించడమే శైలి.

తేనె గురించి ఆయన చెప్పిన తీరును వేరే చెప్పుకోవాలి. కొండ అంచున కూర్చోబెట్టి, ఎదురుగా ఉన్న నిట్టనిలువు బండను చూపించి మొదలుపెట్టాడు. అక్కడ బండ చూరుల కింద పెద్ద ఈగలు పట్టు పెడతాయి. పైనుంచి తాడు వేసుకుని దిగుతారు. పొగ పెట్టి ఈగలను లేపుతారు. కాలి కింద ఏమీ ఉండదు. ఇదంతా ఆయన నోటితో కంటే చేతులతోనే చెప్పాడు. ఎడమచెయ్యి తాడైంది, కుడిచెయ్యి కత్తైంది, భుజం ఒకవైపు వాలితే మాకు లోయ లోతు తెలిసింది. "తాడు పట్టేది బామ్మర్దే. ఇంకెవల్లకూ ఇయ్యం" అన్నాడు. ముందు మేం నవ్వాం. ఆయన నవ్వలేదు. తన తోబుట్టువు బతుకు ఆ తాడు చివర వేలాడుతున్నవాడు ఆ తాడును వదలడు. మా నవ్వు ఆగేదాకా ఆగి తర్వాతి మాట ఎత్తుకున్నాడు. హాస్యం నుంచి కరుణకు అంత తక్కువ మాటల్లో దాటించగల కథకులు మన కథాసాహిత్యంలో ఎందరున్నారో నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

చూపించినవే చెప్పుకుంటూ పోతే చూపించనిదాని విలువ మరుగున పడుతుంది. ఒక మలుపు దగ్గర దారి రెండుగా చీలింది. కుడివైపు దారి తేటగా, తొక్కుడు పడి ఉంది. మాలో ఒకాయన అటు అడుగు వేశాడు. "అటు వద్దు సారూ, అది మా మైసమ్మ తావు" అని ఎడమకు తిప్పాడు. గొంతు పెంచలేదు, కారణం వివరించలేదు, క్షమాపణ కోరలేదు. ఆ తావులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఆ ఒక్క నిరాకరణతో మిగిలిన అడవికంతా బరువు పెరిగింది. ఇది ఒకరి ఇల్లు, మాకు చూపిస్తున్నవి వాకిలి, వసారా, నడిల్లు. దేవుడి గది వాళ్లది.

ఇలాంటి 'వద్దు' మరోచోటా వినబడుతుంది. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఎర్రటి ఎడారిలో ఉలూరు అనే ఏకశిల కొండ ఉంది, చుట్టూ నేల మీది నుంచి 348 మీటర్ల ఎత్తు. అది అనంగు ఆదివాసులది. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం ఆ నేల హక్కును వాళ్లకు తిరిగి అప్పజెప్పింది. దాన్ని ఎక్కవద్దని వాళ్లు ఎన్నో ఏళ్లు వచ్చినవాళ్లను కోరుతూ వచ్చారు. సరిగ్గా 34 ఏళ్లకు, 2019 అక్టోబరు 26న, ఎక్కడం పూర్తిగా నిలిపివేశారు. ఇప్పుడు అక్కడ అనంగు మార్గదర్శులు కొండ చుట్టూ నడిపిస్తారు, తినే గింజలు, పురుగులు, నీటి తావులు చూపిస్తారు, ఇసుకలో గీతలు గీసి పూర్వీకుల దారులు చెబుతారు. కొన్ని రాతిముఖాలను ఫొటో తియ్యనివ్వరు, కొన్ని కథలను బయటివాళ్లకు చెప్పరు. అదే 2019లో, సెప్టెంబరు 16న, నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. దాని వెనక పెంటల వాళ్ల నిరసన, మన్ననూరు నుంచి అచ్చంపేట దాకా జనం గొంతు ఉంది. ఎడారి ఒకటి, అడవి ఒకటి. రెండుచోట్లా ఆతిథ్యం అందగించింది ఆతిథ్యమిచ్చేవాడు వద్దు అని చెప్పగలిగినప్పుడే.

ఈ వెలుగులో చూస్తే నల్లమలలోని సలేశ్వరం జాతర నాకు మహాకావ్యంలా కనబడుతుంది. చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులు మాత్రమే ఆ దారి తెరుచుకుంటుంది. ఫరహాబాద్ గేటు దాటి, రాంపూర్ పెంట మీదుగా పోయి, బండి దిగి నడక. చైత్రమాసపు ఎండ నెత్తిన, కాలి కింద కాలే రాయి. కొండ అంచు పట్టుకుని ఒకరి వెనక ఒకరు దిగుతారు. వస్తున్నామని అక్కడి శివుడైన లింగమయ్యను గొంతెత్తి పిలుస్తూ దిగుతారు, పోయొస్తామని చెప్పుకుంటూ ఎక్కుతారు. ఒక వరస దిగుతుంటే ఒక వరస ఎక్కుతుంటుంది కాబట్టి ఆ రెండు పిలుపులూ లోయలో ఒకదానికొకటి తగిలి తిరుగుతాయి. దిగుతున్న కొద్దీ ఎండ పైనే ఉండిపోతుంది. బండల మధ్య సందు ఇరుకవుతుంది. చెమట మీద చల్లటి తుంపర పడుతుంది, నీళ్లు ఎక్కడున్నాయో ఇంకా కనబడదు. ఆఖరి మలుపు తిరిగాక ఎక్కడో ఆకాశం నుంచి ఊడిపడుతున్నట్టు జలపాతం, కింద గుండం, గుహలో లింగమయ్య. గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు, నగిషీ లేదు. రాయి, నీరు, చీకటి, దీపం.

అక్కడ పూజారులు చెంచులు. లక్షల్లో వచ్చే జనం అతిథులు. గద్వాల, వనపర్తి, కల్వకుర్తి నుంచి వచ్చిన పెద్ద పెద్దవాళ్లు కూడా ఆ గుహలో తల వంచుకుని చెంచు చేతి బొట్టు పెట్టించుకుంటారు. శ్రీశైలం మల్లన్నను చెంచులు తమ అల్లుడంటారు, చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడి వాళ్లింటి అల్లుడయ్యాడు. దేవుణ్ణి చుట్టరికం కలుపుకుని చూసే మనుషుల దగ్గర భక్తికి ఉండే రుచి వేరు. శాంతరసం అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమని మనకు అలవాటు. సలేశ్వరంలో అది కాళ్లు కాలి, గొంతు ఎండి, భుజాలు రాసుకుని, నీటి కింద తల పెట్టిన క్షణంలో వస్తుంది. చెమటోడ్చి సంపాదించుకున్న శాంతం అది.

శ్రీశైలం యాత్రికులను అడవి దాటించే పని చెంచులకు కొత్తది కాదు. రోడ్డు లేని రోజుల్లో వాళ్ల తోడు లేనిదే కొండదారి దాటడం కష్టం. అందుకు యాత్రికుల నుంచి వాళ్లకు రుసుము ముట్టేది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం మొత్తం శ్రీశైల యాత్రకే ఇచ్చాడు. ఆ యాత్ర ఎంత ఘనమైనదో మన సాహిత్యానికి తెలుసు. ఆ యాత్రికుల ముందు అడుగు వేసినవాడి కళ గురించే మనం మాట్లాడుకోలేదు.

అతన్ని చూడడం మాత్రం చాలా చూశాం. 1940లో మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ అమ్రాబాద్ పీఠభూమి పెంటల్లో తిరిగి, 1943లో చెంచుల మీద పుస్తకం ప్రచురించాడు. గుండ్రటి గుడిసెలు, గడ్డలు తవ్వే కర్ర, ఇంటిపేర్లు, దేవతలు, అన్నీ అందులో ఎక్కాయి. అంత ఓపికతో, అంత గౌరవంతో రాసినవాళ్లు తక్కువ. 1958లో అక్కినేని, అంజలీదేవి నటించిన 'చెంచులక్ష్మి' సినిమాను పాలమూరు టూరింగ్ టాకీసుల్లో చూసి మురిసిపోయిన తరం ఇంకా ఉంది. పుస్తకంలోనూ తెర మీదా చెంచు కనబడేవాడే. మద్దిచెట్టు దగ్గర ఆయన ఐదు వేళ్లూ ఆనించినప్పుడు వరస తిరగబడింది. చూసేది ఏమిటో, ఎప్పుడో, ఎంతసేపో నిర్ణయించేవాడు ఆయన. మేం ఆయన కళ్లతో చూశాం. ఈ మార్పు నన్ను ఇంతగా కదిలించడానికి కారణం నేను ఈ జిల్లా మనిషిని కావడం కూడా. పాలమూరు అనగానే పక్కన లేబర్ అనే మాట చేర్చి దేశమంతా మనల్ని ఏళ్ల తరబడి చూసింది. చెరువులు తవ్విన చేతిని, ఆనకట్టలు కట్టిన చేతిని చూసింది గానీ ఆ చేతికి ఏం తెలుసో అడగలేదు. అడిగితే చెప్పడానికి ఎంత ఉందో నల్లమలలో కళ్లారా చూశాను.

ఆ కళను చెడగొట్టేవీ ఉన్నాయి. పులి కనబడితేనే యాత్ర ఫలించినట్టు లెక్కవేసే మనస్తత్వం మొదటిది. పులి కోసం తొందరపెట్టేవాడికి గాటు కనబడదు, కూత వినబడదు. అతనికి మార్గదర్శి చెప్పేదంతా కాలయాపనగా తోస్తుంది. విల్లంబులు పట్టించి ఫొటోలకు నిలబెట్టడం రెండోది. విల్లు చెంచు చేతిలో గొప్ప వస్తువు, అనుమానం లేదు. వెదురు వంపులో ఉన్న బిగువు చూడదగ్గది. అడిగి వేయించే వేషంలో ఆ బిగువు ఉండదు. గంటకు ఒక జట్టును తిప్పి పంపాలన్న తొందర మూడోది. ఆలాపన లేకుండా పల్లవి పాడమంటే ఏ విద్వాంసుడు మాత్రం పాడగలడు? అన్నిటికంటే పెద్దది వేరే ఉంది. పులుల కోసమని కోర్ ప్రాంతపు పెంటలను, ఊళ్లను బయటికి తరలించే ప్రణాళికలు నడుస్తున్నాయి. వెళ్తామన్నవాళ్లకు మంచి ఇల్లు, బడి, వైద్యం దక్కాలి, అందులో రెండో మాట లేదు. ఉంటామన్నవాళ్లు ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఆ మాట చెబుతోంది. కణుజు కూత ఎడమకు ఎంత జరిగిందో కొలిచే చెవి బైపాస్ రోడ్డు పక్కన కాలనీలో తయారుకాదు. అది పెంటలో పుట్టి, తండ్రి వెనక నడిచి, తాత చెప్పింది విని తయారవుతుంది.

చూసేవాడికి కూడా ఇందులో సాధన ఉంది. అభినవగుప్తుడు సహృదయుణ్ణి గురించి చెప్పినదంతా ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. మనసు అద్దంలా ఉండాలి, ఫోను జేబులో ఉండాలి. ప్రశ్న అడగడానికి ముందు ఆయన చెప్పడం అయిపోయిందో లేదో చూసుకోవాలి. చాలాసార్లు అయిపోయి ఉండదు. చైత్రంలో వెళ్తే ఇప్పపూల వాసన, సలేశ్వరం. కార్తీకంలో వెళ్తే వాగుల్లో ఇంకా నీళ్లు, గడ్డి ఎత్తుగా, జాడలు దొరకడం కష్టం, కానీ మల్లెలతీర్థం జలపాతం నిండుగా ఉంటుంది. మార్గదర్శికి ఇచ్చేది కూలి అనుకోకుండా కచేరీ చేసిన విద్వాంసుడికి ఇచ్చే సంభావన అనుకోవాలి, ఆ లెక్కలోనే ఇవ్వాలి. టికెట్టు మీద జీపు నంబరు అచ్చువేసే చోట ఆయన పేరు కూడా ఉండాలని నా కోరిక.

ఇంకొక కోరిక ఉంది. ఇప్పటిదాకా నాకు అడవిని చూపినవాళ్లంతా మగవాళ్లే. జాడ, కూత, తేనె, ప్రమాదం – వాళ్ల కథల్లో ఇవి ముందుంటాయి. గడ్డలు, ఆకుకూరలు, పండ్లు, ఇప్పపూలు, మందు వేర్ల పని ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదుగా నడుస్తుంది. చంకలో బిడ్డ, చేతిలో తవ్వే కర్ర పట్టుకుని వాళ్లు తిరిగే దారులు వేరు, వాళ్లు ఆగే చోట్లు వేరు. ఏ తీగ కింద గడ్డ చేదో, ఏది ఎన్నిసార్లు ఉడికిస్తే చేదు విరుగుతుందో, ఏ మొర్రిచెట్టు ముందు పండుతుందో వాళ్లకు తెలిసినట్టు మగవాళ్లకు తెలియదని ఆ పెద్దాయనే ఒప్పుకున్నాడు. "అది మా ఆడోళ్లను అడగాలె" అని రెండుసార్లు అన్నాడు. ఒక చెంచు తల్లి ముందు నడిచి నడిపించే నడక మన్ననూరులో మొదలైన రోజు కొత్తకోట నుంచి తొలి బస్సుకే బయలుదేరుతాను. ఆ నడకకు ఎత్తుగడ ఎక్కడుంటుందో, ఏ రసం ముందు పుడుతుందో నేను ఊహించలేను.